నెల చందా లేని గేమే చూద్దాం

అందరికీ హాయ్, కలిసి ఆడటానికి ఆన్‌లైన్ ఫాంటసీ గేమ్ ఏదైనా చూద్దామన్నారు కదా, నా ఓటు మాత్రం నెల చందా లేనిదానికే. చందా కడితే డబ్బు దండగవుతుందేమోనని ఓపిక లేని రోజు కూడా లాగిన్ అవ్వాలనిపిస్తుంది, అది ఆటా, డ్యూటీనా!

గిల్డ్ వార్స్ 2 చూడండి. 2012లో వచ్చింది, అసలు గేమ్ 2015 నుంచి ఉచితం. గరిష్ఠ లెవెల్ మొదట్నుంచీ 80 దగ్గరే ఉంది కాబట్టి మధ్యలో కొన్ని నెలలు మానేసి వచ్చినా మన క్యారెక్టర్ పెద్దగా వెనకబడదు, పైగా పెద్ద లెవెల్ వాళ్లు తక్కువ లెవెల్ వాళ్ల మ్యాపుల్లోకి వస్తే వాళ్ల బలం దానంతటదే తగ్గుతుంది, అందుకే కొత్తగా చేరినవాళ్లతోనూ కలిసి ఆడొచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఎక్స్‌పాన్షన్‌లు, అంటే తర్వాత వచ్చిన అదనపు భాగాలు, మాత్రం కొనుక్కోవాలి, ఉచిత ఖాతాకి చాట్‌లో, ట్రేడింగ్‌లో కొన్ని పరిమితులూ ఉంటాయి. ఎవరెవరు వస్తారో చెప్పండి, కలిసి ఆడాలంటే ముందు అందరం ఒకే రీజియన్ సర్వర్ ఎంచుకోవాలి.