నగర చట్టాలపై నగరపాలక సంస్థల అభిప్రాయం నమోదు కావాలి

సంపాదకులకు,

నగరాల పాలనకు సంబంధించిన చట్టాలను మన శాసనసభ సవరిస్తున్నప్పుడు, ఆ నగరాల ప్రజలు ఎన్నుకున్న పాలకవర్గాలు ఆ సవరణల గురించి ఏమనుకుంటున్నాయో ఎక్కడా నమోదు కావడం లేదు. ఈ లోటును ప్రభుత్వమూ ప్రతిపక్షమూ, ముఖ్యంగా కార్పొరేటర్లూ పట్టించుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ పనికి ఒక పద్ధతి ఉంది. రాష్ట్ర శాసనసభ ముందుకు నగరాన్ని తాకే బిల్లు వచ్చినప్పుడు లాస్‌ఏంజెలెస్‌ నగర కౌన్సిల్‌ సభ్యులు దానిపై తీర్మానం ప్రతిపాదిస్తారు. నగరానికే చెందిన శాసన విశ్లేషకుల కార్యాలయం ఆ బిల్లును పరిశీలించి నివేదిక ఇస్తుంది. కౌన్సిల్‌లోని రూల్స్‌ కమిటీ దాన్ని చర్చించి, బలపరచాలా, వ్యతిరేకించాలా, ఫలానా సవరణ చేస్తేనే ఒప్పుకోవాలా అన్నది కౌన్సిల్‌కు సిఫారసు చేస్తుంది. ఎజెండాలో విషయం ముందే ఉంటుంది కనుక, ఆసక్తి ఉన్న పౌరుడు వెళ్లి నిమిషం సేపైనా మైకు ముందు తన మాట చెప్పగలడు. ఖరారైన వైఖరి రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలోని శాసనసభకు చేరుతుంది. అక్కడి కమిటీలు బిల్లుపై తయారుచేసే విశ్లేషణ చివర సమర్థించినవారి పేర్లు, వ్యతిరేకించినవారి పేర్లు విడివిడిగా ఇస్తారు. సంఘాలు, సంస్థలతో పాటు నగరాల పేర్లూ అందులో కనిపిస్తాయి.

2025లో వచ్చిన ఎస్‌బీ (సెనేట్‌ బిల్లు) 79 ఇందుకు మంచి ఉదాహరణ. ముఖ్యమైన రైలు, బస్సు స్టేషన్ల చుట్టూ స్థానిక నిబంధనలు ఎలా ఉన్నా బహుళ అంతస్తుల ఇళ్లు కట్టుకోవడానికి, స్టేషన్‌ను ఆనుకుని ఉన్నచోట తొమ్మిది అంతస్తుల దాకా, వీలు కల్పించే బిల్లు అది. ఆగస్టులో లాస్‌ఏంజెలెస్‌ కౌన్సిల్‌ 8–5 ఓట్లతో దాన్ని వ్యతిరేకించింది. అయినా బిల్లు నెగ్గింది. అక్టోబరులో గవర్నర్‌ గావిన్‌ న్యూసమ్‌ సంతకం చేశారు. అద్దెలు భరించలేకపోతున్న ఆ నగరానికి అలాంటి ఇళ్లు అవసరమేనని, కౌన్సిల్‌ మెజారిటీ నిర్ణయం సరైనది కాదని నా అభిప్రాయం. అయితే తమ ప్రతినిధి ఎటు ఓటు వేశారో అక్కడి ఓటరుకు తెలిసింది. నగరం అభ్యంతరం ఏమిటో తెలిసే శాసనసభ దాన్ని కాదన్నది.

మన దగ్గర జరిగింది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు, అంటే రిజిస్ట్రేషన్‌ విలువ ఆధారంగా లెక్కించే పద్ధతికి, మార్చే సవరణ 2020 చివర్లో వచ్చింది. అప్పటికి రాష్ట్రంలోని పట్టణాల్లో దాదాపు అన్నిచోట్లా ప్రత్యేకాధికారుల పాలనే నడుస్తోంది. విశాఖపట్నంలోనైతే 2012లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 మార్చి వరకు ఎన్నికలే జరగలేదు. అంటే ప్రతి ఇంటి గుమ్మానికీ డిమాండ్‌ నోటీసు తెచ్చే మార్పు మీద అవుననడానికో కాదనడానికో విశాఖలో ఒక్క కార్పొరేటరైనా లేని కాలంలో చట్టం మారిపోయింది. ఏటా పెంపు 15 శాతానికి మించదన్న ఊరట ఇచ్చారు, నిజమే. కానీ రిజిస్ట్రేషన్‌ విలువ పెరిగినప్పుడల్లా సొంత ఇంట్లో ఉంటున్న పింఛనుదారు పన్ను ఏమవుతుందన్న ప్రశ్నను చట్టం కాకముందే సభ ముందుంచవలసింది పాలకవర్గాలు. 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు పెట్టినా, వాటిలో ఏది ఎంత మేరకు అప్పగించాలన్నది శాసనసభ చేతిలోనే ఉంది కాబట్టి ఇలా ముందే మాట చెప్పడం మరీ అవసరం.

మన కౌన్సిళ్లు పార్టీ ఆదేశాల మేరకే చేతులెత్తుతాయి, ఇక ఆ అభిప్రాయానికి విలువేముందని కొందరు అంటారు. పార్టీ కోసం చెయ్యెత్తిన కార్పొరేటరు కూడా రేపు వార్డులో తిరగాలి. ఓటు నమోదైతే జవాబు చెప్పక తప్పదు. అసలైన అడ్డంకి వ్యవధి. కాలిఫోర్నియాలో బిల్లు ప్రవేశపెట్టాక సాధారణంగా 30 రోజులు గడిచేదాకా దానిపై విచారణ చేపట్టరు, తుది పాఠం ఓటింగుకు 72 గంటల ముందే ప్రజలకు అందుబాటులో ఉండాలి. మన శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఆమోదం పొందడం మామూలైపోయింది. ముసాయిదాలను 30 రోజులు ప్రజల ముందుంచాలని కేంద్రం 2014లోనే తన మంత్రిత్వ శాఖలకు విధానం రూపొందించింది. పురపాలక చట్టాల విషయంలోనైనా తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ గడువును పాటించాలి.

అంతవరకు ఆగనక్కర్లేని పని ఒకటుంది. నగరపాలక సంస్థల్లో స్థాయీ సంఘాలు ఉన్నాయి, కౌన్సిల్‌కు తీర్మానం చేసే అధికారమూ ఉంది. శాసనసభ సమావేశాలకు ముందు పురపాలక శాఖ నుంచి బిల్లుల ముసాయిదాలు తెప్పించుకుని, వాటిని ఎజెండాలో చేర్చి, పేరుపేరునా ఓటు నమోదు చేసి, ఆ తీర్మానం ప్రతిని స్పీకరుకూ నగర పరిధిలోని ఎమ్మెల్యేలందరికీ పంపవలసిందిగా మేయర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం