శిక్షణ ఊరి దాకా రావాలి: కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయ మంత్రి గారికి,

నమస్కారం.

నేను పదకొండేళ్లుగా గ్రామీణ యువతకు స్వయం ఉపాధి పాఠాలు చెబుతున్నాను. ఏ కేంద్రంలోనూ ఉద్యోగిని కాదు, గెస్ట్ ఫ్యాకల్టీని. ఎక్కడ బ్యాచ్ మొదలైతే అక్కడికి వెళ్తాను. లెక్క రాసుకోవడం, సరుక్కి ధర కట్టుకోవడం, బ్యాంకులో పెట్టే ప్రాజెక్ట్ రిపోర్టు తయారు చేసుకోవడం నేను చెప్పే పాఠాలు. మీరూ తెలుగువారే కనుక ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను.

ముందు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. కుట్టు శిక్షణకు వచ్చిన పాతికమందిని ఒక జాకెట్టు కుట్టడానికి ఎంత ఖర్చవుతుందో రాయమన్నాను. రెండో వరుసలో కూర్చున్న అమ్మాయి చాలా శ్రద్ధగా రాసింది. లైనింగు గుడ్డ, దారం, హుక్స్, కరెంటు, ఆఖరికి మిషన్‌లో వేసే నూనె చుక్క కూడా వదల్లేదు. కూడిక వేసి కాగితం నా చేతికిచ్చింది. "నీ కూలి ఏదమ్మా?" అన్నాను. "నాకు కూలేంటి సార్, నేను చేసుకునే పనే కదా" అంది.

ఆ పూట పాఠమంతా ఆ ఒక్క ఖాళీ గడి మీదే నడిచింది. కత్తిరించడానికి ఎంతసేపు పట్టింది, కుట్టడానికి ఎంతసేపు, అంతసేపూ పొలం పనికి పోతే ఎంత చేతికొచ్చేది అని ఒక్కొక్కరినీ అడిగాను. సాయంత్రానికి సగంమంది తాము చెప్పిన ధర కొట్టేసి పైన ఇంకో అంకె వేసుకున్నారు. తమ కష్టానికి తామే వెల కట్టుకోవడం వాళ్లకు అదే మొదటిసారి. మిషను తొక్కడం వాళ్లలో చాలామందికి ఇంటి దగ్గరే కొద్దో గొప్పో వచ్చు. ఆ గడి నింపడం మాత్రం ఎవరూ నేర్పలేదు. వ్యాపార శిక్షణ అంటే నా మటుకు నాకు అదే.

ఆరో రోజుకి ఆ అమ్మాయి కనిపించలేదు. అది నెల రోజులు అక్కడే ఉండి నేర్చుకునే కోర్సు. ఇంటి దగ్గర మూడేళ్ల బిడ్డ ఉంది, అత్తగారికి జ్వరం వచ్చింది, బిడ్డను చూసేవాళ్లు లేరు. వాళ్ల ఊరి నుంచి శిక్షణ కేంద్రానికి రావాలంటే ఒక ఆటో, రెండు బస్సులు. రోజూ వచ్చిపోయే దూరం కాదు. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా "డ్రాపౌట్" అని రాశారు. అందరికన్నా ముందు ధర కొట్టేసి రాసిన పిల్ల పేరు మీద ఆ ముద్ర చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మీ శాఖ నడిపిస్తున్న ఏర్పాటును తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఏర్పాటు మీద నాకు గౌరవం ఉంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల మంజునాథేశ్వర విద్యా ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెట్ సంస్థను మొదలుపెట్టాయి. పల్లెటూరి యువతకు భోజనం, వసతి ఇచ్చి ఉచితంగా పని నేర్పడం, నేర్పాక వదిలేయకుండా కొన్నాళ్లు వెంట ఉండటం వాళ్ల పద్ధతి. ఆ పద్ధతి ఫలించింది కాబట్టే 2009లో గ్రామీణాభివృద్ధి శాఖ దాన్ని దేశమంతటికీ తీసుకుని, జిల్లాకొక ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) ఉండాలని, దాన్ని ఆ జిల్లాలో బ్యాంకులన్నిటికీ ముందుండే లీడ్ బ్యాంకు నడపాలని నిర్ణయించింది. ఇవాళ దేశంలో దాదాపు 600 కేంద్రాలున్నాయి. ఉద్యోగం కోసం ఊరు విడిచి వెళ్లే పిల్లలకు 2014 నుంచి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. ఊళ్లోనే ఉండి సొంతంగా నిలబడాలనుకునే కుర్రాడికి, పైసా ఫీజు లేకుండా తలుపు తీసి ఉండేది మాత్రం ఆర్‌సెటీయే.

చిక్కల్లా ఆ తలుపు జిల్లా కేంద్రంలో ఉండటం. "జిల్లాకొకటి" అని రాసుకున్ననాడు ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో కలిపి 50 దాటాయి. సరే, కొత్త జిల్లాలన్నిటికీ కేంద్రాలు వచ్చాయనే అనుకుందాం. పాడేరు పైన కొండల్లో ఉండే ఊరికి, ఉట్నూరు, ఏటూరునాగారం ఏజెన్సీలోని గూడేలకు, నల్లమలలోని చెంచు పెంటలకు అప్పుడైనా అది దగ్గరవుతుందా? కాదు. నెల రోజులు ఇల్లు వదిలి రాగలిగిన వాళ్లెవరో చూడండి. పెళ్లికాని మగపిల్లలు, ఒక నెల కూలి పోయినా ఇల్లు గడిచేవాళ్లు. ఏరోజు కూలి ఆరోజు తెచ్చుకునే ఇంట్లో పిల్లకు ఉచిత భోజనం, ఉచిత వసతి పెట్టినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఇంట్లో మిగిలినవాళ్ల తిండి ఆమె కూలి మీద ఉంటుంది.

ఇక శిక్షణ పూర్తిచేసిన వాళ్ల సంగతి. ఇక్కడ కొంచెం వివరంగా రాయక తప్పదు.

సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్న ఒక అబ్బాయి రుణం కోసం తిరుగుతుంటే నేనూ వెంట వెళ్లాను. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్రా పథకం కింద శిశు రుణం, 50 వేల లోపుది. సర్టిఫికెట్, ప్రాజెక్ట్ రిపోర్టు, కొటేషన్, ఆధార్, పాన్ అన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో వరసగా పెట్టుకున్నాడు. శిక్షణ ఇచ్చిన బ్యాంకు శాఖకు వెళ్తే "మీ ఊరు మా సర్వీస్ ఏరియాలోకి రాదు, మీ మండలంలో బ్రాంచికి వెళ్లండి" అన్నారు. ఆ మండలంలో ఉన్నది వేరే బ్యాంకు. అక్కడ మేనేజర్ గారు ఫైలు తిప్పి చూసి "ఈ సర్టిఫికెట్ మా బ్యాంకుది కాదుగా" అన్నారు. తర్వాత "ఎవరైనా గ్యారంటీ ఉంటారా?" అని అడిగారు. ముద్రా రుణానికి పది లక్షల దాకా తాకట్టు అడగకూడదన్నది 2015లో ఆ పథకం పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమం. అడిగిన మాట ఏ కాగితం మీదా ఉండదు. లేదన్న మాట కూడా ఏ కాగితం మీదా ఉండదు. "మళ్లీ వారం రండి" అంటారు, అంతే. నాలుగో వారం ఆ అబ్బాయి వెళ్లలేదు. ఒక షాపులో జీతానికి చేరిపోయాడు.

ఆ మేనేజర్ గారు చెడ్డవారని నేను అనను. ఆయన శాఖలో మనుషులు తక్కువ, పని ఎక్కువ. ఆ అబ్బాయిని ఆయన మునుపెన్నడూ చూడలేదు, రేపు వాయిదా కట్టకపోతే అడగాల్సింది మాత్రం ఆయనే. అసలు లోపం ఏమిటంటే శిక్షణ ఒక బ్యాంకు ఇస్తుంది, అప్పు ఇంకో బ్యాంకు ఇవ్వాలి, ఈ రెంటి మధ్య ఆ పిల్లవాడు ఒంటరిగా ఫైలు పట్టుకుని తిరగాలి. ఏజెన్సీలో ఇది ఇంకా గట్టి ముడి. 1/70 చట్టం గిరిజనుల భూమిని కాపాడుతోంది, కాపాడాలి కూడా. అయితే ఆ భూమిని గిరిజనేతరులకు అమ్మే వీలు లేదు కాబట్టి దాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు ముందుకు రావు. అక్కడ హామీ లేని రుణం ఒక సదుపాయం కాదు, ఉన్న ఒకే ఒక్క దారి.

2025లో మీకు ఒక మంచి అవకాశం కలిసొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఆ ఏడాది మే 1న ఒక్కటయ్యాయి. తెలంగాణలోనూ ఇప్పుడు ఒకే గ్రామీణ బ్యాంకు. పల్లెల్లో ఎక్కువ శాఖలున్నది వీటికే. ఆర్‌సెటీ సర్టిఫికెట్ ఏ బ్యాంకు కేంద్రం ఇచ్చినా మా దగ్గర చెల్లుతుందని, దరఖాస్తు ఇచ్చిన ఇన్ని రోజుల్లో అవుననో కాదనో చెబుతామని, కాదంటే ఎందుకో రాసి ఇస్తామని ఈ రెండు బ్యాంకులతో ఒప్పందం చేయించండి. రెండు ఒప్పందాలు చాలు. ఆ రాసి ఇచ్చిన కాగితం ఉంటే నేను ఆ పిల్లవాడికి తర్వాతి మెట్టు చెప్పగలను. నోటిమాటకు నేను మాత్రం ఏం బదులు చెప్పను?

వెంట ఉండటం అన్నాను కదా, ఆర్‌సెటీ నియమం ప్రకారం అది రెండేళ్లు. కాగితం మీద ఇంతకన్నా మంచి నియమం లేదు. ఒక డైరెక్టరు, ఇద్దరు ముగ్గురు ఫ్యాకల్టీ ఉన్న కేంద్రం ఏటా వందలమందికి శిక్షణ ఇస్తూ, పాత బ్యాచ్‌ల ఇళ్లకు ఎప్పుడు వెళ్లాలి? ఫోన్ చేస్తారు. "షాపు నడుస్తోందా?" "ఆ, నడుస్తోంది సార్." ఆ ఒక్క మాటతో పేరు ఎదురుగా "సెటిల్డ్" అని పడిపోతుంది. ఆ ఫోన్లు ఒకసారి నా పక్కనే కూర్చుని చేశారు, అందుకని రాస్తున్నాను. అవతలి పిల్ల గొంతులో తడబాటు నాకు వినిపించింది. గిరాకీ లేదో, మిషను పాడైందో, వాయిదా తప్పిందో తెలుసుకోవాలంటే మనిషి ఎదురుగా కూర్చుని ఆమె లెక్కల పుస్తకం తెరిచి చూడాలి.

వ్యాపార శిక్షణ చరిత్రలో మన నేలకు ఒక స్థానం ఉంది. 1964లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్, ఆయన సహచరులు కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి, సాధించాలన్న పట్టుదలను శిక్షణతో పెంచవచ్చా అని చూశారు. శిక్షణ పొందినవాళ్లు తర్వాత వ్యాపారంలో ముందుకన్నా చురుగ్గా కదిలారని తేలింది. ప్రపంచమంతా ఇవాళ్టికీ దాన్ని కాకినాడ ప్రయోగం అనే చెప్పుకుంటుంది. నేను ప్రతి బ్యాచ్‌కూ ఈ కథ చెబుతాను, పిల్లల మొహాలు వెలుగుతాయి. కానీ వచ్చినవాళ్లు అప్పటికే పట్నంలో వ్యాపారాలున్నవాళ్లన్న సంగతి మీలాంటి పెద్దలకు చెప్పాలి. వాళ్లకు కొట్టుంది, కొనేవాడున్నాడు, అరువిచ్చేవాడున్నాడు. లోపించింది పట్టుదలైతే దాన్ని తరగతి గదిలో నింపవచ్చు. నా విద్యార్థులకు పట్టుదలకు కొదవ లేదు. రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్లకు కొరతగా ఉన్నవి మిగతా మూడూ.

ఆ మూడూ సమకూర్చే మనిషి ఊళ్లోనే ఉండాలి. అలాంటి మనుషులను తయారు చేసిన అనుభవం మన తెలుగు వాళ్లకు ఉంది. 2000లో మొదలైన వెలుగు పథకంలో పేదరికం నుంచి బయటపడ్డ పొదుపు సంఘం అక్కలే సీఆర్‌పీలయ్యారు, అంటే తోటివాళ్లకు దారి చూపే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు. పొరుగు ఊళ్లో పక్షం రోజులు మకాం పెట్టి, గడప గడపకూ వెళ్లి సంఘాలు కట్టించారు. తర్వాత తెలుగు మాట వినపడని రాష్ట్రాలకు కూడా వెళ్లి ఇదే పని చేశారు. మీ శాఖలోనే 2016 నుంచి నడుస్తున్న స్టార్టప్ విలేజ్ పథకంలో వ్యాపార సలహాకు ప్రత్యేకంగా సీఆర్‌పీలున్నారు. పని చేస్తున్న పద్ధతి అది. అయితే ఎంపిక చేసిన బ్లాకుల్లోనే ఉంది, సంఘంలో సభ్యత్వం ఉన్న ఇళ్లకే అందుతుంది. తల్లి సంఘంలో లేని కుర్రాడు, పొదుపు కట్టలేక సంఘం నుంచి తప్పుకున్న ఇంటి పిల్ల దాని లెక్కలోకి రారు. అందరికన్నా వెనకబడ్డది ఆ ఇళ్లే.

అందుకని నేను అడిగేది ఇది. బస్సు సరిగా వెళ్లని, బ్యాంకు శాఖ దూరంగా ఉన్న మండలాలను ఎంచుకోండి. ఆ మండలంలోనే, ఖాళీగా ఉన్న పంచాయతీ భవనంలోనో స్కూలు గదిలోనో, పూటకు మూడు గంటల చొప్పున శిక్షణ పెట్టండి. నెల రోజుల పాఠం రెండున్నర నెలలు పడుతుంది, పట్టనివ్వండి. గదిలో ఒక మూల పసిపిల్లలకు చాప, వాళ్లను చూసుకునే ఒక ఆయా ఉండాలి. చాప, ఆయా అన్నవి మీ స్థాయి మనిషికి రాయాల్సిన సంగతులేనా అని కాసేపు ఆలోచించాను. ఆ అమ్మాయి వెళ్లిపోయింది వాటి కోసమే కాబట్టి రాస్తున్నాను.

కోర్సులు కూడా ఆ మండలాన్ని చూసి పెట్టాలి. ఒకే మండలం నుంచి మూడేళ్లలో మూడు కుట్టు బ్యాచ్‌లు, రెండు బ్యూటీ పార్లర్ బ్యాచ్‌లు తీస్తే అందరూ ఒకరి గిరాకీ ఒకరు పంచుకోవాల్సిందే. పంపుసెట్టు పాడైతే మనిషి ఎక్కడి నుంచి వస్తున్నాడు, పండిన పంట ఏ రూపంలో ఊరు దాటుతోంది, ఊళ్లోకి బయటి నుంచి వారం వారం ఏం కొని తెస్తున్నారు అన్నవి శిక్షణ మొదటి వారంలో విద్యార్థులే తిరిగి రాసుకొస్తే ఏ పనికి చోటుందో వాళ్లకే తెలుస్తుంది.

ఆ మండలంలో నాలుగైదేళ్లుగా సొంత పని నిలబెట్టుకున్న యువతీయువకులు ముగ్గురిని వెతికి, సలహాదారులుగా పెట్టి, గౌరవ వేతనం నెల నెలా అందేలా చూడండి. బ్యాంకుకు వెంట వెళ్లడం, లెక్కల పుస్తకం చూడటం, మొదటి సరుకు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చూపించడం వాళ్ల పని. సర్టిఫికెట్లు ఎన్ని పంచామన్న లెక్కకు బదులు, రెండేళ్ల తర్వాత ఎన్ని పనులు నడుస్తున్నాయో మండలాల వారీగా బయట పెట్టండి. మొదట్లో ఆ అంకె చిన్నగానే ఉంటుంది. దానికి భయపడి అధికారులు మళ్లీ ఫోన్ లెక్కకు వెళ్లకుండా ఉండాలంటే, అంకె చిన్నదైనందుకు ఎవరినీ శిక్షించబోమని మీరే ముందుగా చెప్పాలి.

రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో ఏజెన్సీ మండలం, ఒక్కో మెట్ట మండలం, మొత్తం నాలుగు చోట్ల వచ్చే బ్యాచ్ నుంచే ఇలా మొదలుపెట్టి చూడమని వేడుకుంటున్నాను. ఆ నాలుగింటిలో మీరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి వెళ్లి, శిక్షణ నడిచినన్నాళ్లూ ఆ ఊళ్లోనే ఉండి పాఠం చెప్పడానికి నేను సిద్ధం. ఆ కుట్టు బ్యాచ్ అమ్మాయి వాళ్ల మండలం కూడా ఆ జాబితాలో ఉంటే, మిగిలిపోయిన ఇరవై ఐదు రోజుల పాఠం చెప్పడానికి మొదట అక్కడికే వెళ్తాను.

ఇట్లు,
గ్రామీణ స్వయం ఉపాధి శిక్షకుడు