'ఆగప్పా' అన్నవాళ్ళకు

మా ఇల్లు కట్టుకోవడంలో సాయపడ్డవాళ్ళకు కృతజ్ఞతగా ఈ నాలుగు మాటలు గృహప్రవేశం రోజే రాయాల్సింది. రాయబోతుంటే మా మేస్త్రీ, "ఒక వానాకాలం పోనీ అన్నా, ఇల్లు ఎట్లా నిలబడిందో చూసుకుని అప్పుడు చెప్పు" అన్నాడు. వానాకాలం పోయింది. ఇప్పుడు చెప్తున్నాను.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మేము అద్దెకున్న ఇంట్లో నీళ్ళు కిటికీ పైదాకా వచ్చాయి. వారం తర్వాత అమ్మ ట్రంకుపెట్టె తెరిస్తే పట్టుచీరలన్నీ బురద ముద్ద. ఆ రోజు నుంచి ఆమెది ఒకటే మాట: "సొంతిల్లు కడితే ఏటికి దూరంగా కట్టు నాయనా." టౌన్‌లో సెంటు ధర మాకు అందేది కాదు. అందుకే కోడుమూరు రోడ్డులో, ఆఫీసుకు 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో స్థలం చూడటం మొదలుపెట్టాం.

మొదట నచ్చింది పది సెంట్లు. రోడ్డు పక్కనే, చుట్టుపక్కల ధరలో సగం. అమ్మే మనిషి "రేపటికల్లా రెండు లక్షలు అడ్వాన్సు ఇవ్వు, లేకుంటే ఇంకొకరికి పోతుంది" అని తొందరపెట్టాడు. డబ్బు కవర్లో పెట్టుకుని పొద్దున్నే బస్సు దిగి, టీ కొట్టు దగ్గర అతని కోసం ఎదురుచూస్తున్నాను. అక్కడే కూర్చున్న ఒక పెద్దాయన ఏ పని మీద వచ్చావని అడిగారు. చెప్పాను. సర్వే నంబరు అడిగారు. అదీ చెప్పాను. ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసి, "ఆగప్పా. ఆ కవరు బయటికి తీయొద్దు" అన్నారు.

సర్వే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైన సార్ ఆయన. వాళ్ళింటికి తీసుకుపోయి, ప్రభుత్వ భూముల వెబ్‌సైట్ మీభూమిలో భూమి ఎవరిది, ఎలాంటిది అని చెప్పే 1-బి, అడంగల్ రికార్డులు తీయించి పక్కన కూర్చోబెట్టుకుని చదివించారు. అది డీకేటీ భూమి. పన్నెండేళ్ళ కిందట ప్రభుత్వం ఒక పేదరాలికి ఇచ్చిన పట్టా. అలాంటి భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. సర్వే నంబరు నిషేధిత భూముల 22ఏ జాబితాలో కూడా ఉంది, అంటే రిజిస్ట్రేషనే కాదు. అమ్మే మనిషి నోటరీ కాగితం మీద రాసిస్తానన్నది అందుకేనని అప్పుడు అర్థమైంది. పోయేది నా రెండు లక్షలే కాదు. ఆ ముసలామెకు ఉన్న ఒక్క ఆధారం మీద నేను గోడలు లేపేవాణ్ణి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత ఊరి చివర ఎనిమిది సెంట్లని చెప్పిన స్థలం కొన్నాం. ఈసారి సార్ చెప్పినట్టే అడుగు వేశాం. స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ 30 ఏళ్ళకు తీయించాం. లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు అమ్మకాల దస్తావేజులు, ఒరిజినల్స్ చూశాం. ఇంటి స్థలంగా మార్పిడి అయిందో లేదో కాగితం అడిగాం. కొలతల రోజు సార్ ఎండలో మూడు గంటలు నిలబడ్డారు, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో సర్వే కొలతల పటం (ఎఫ్ఎంబీ) నకలు పట్టుకుని. కొలిస్తే ఏడున్నర సెంట్లే వచ్చింది. మిగిలిన అర సెంటు బండి బాటలో కలిసిపోయింది. అర సెంటంటే 24 గజాలు. గొడవ లేకుండా ఉన్న స్థలానికే ధర మాట్లాడించారు. ఫీజు ఇవ్వబోతే కోప్పడ్డారు.

ఇక మేస్త్రీ సంగతి. మాది నల్లరేగడి. మేము మామూలుగా నాలుగడుగుల పునాది అనుకుని బడ్జెట్ వేసుకున్నాం. మే నెలలో అతను స్థలం చూడటానికి వచ్చి, నేల మీద నోరు తెరుచుకున్న నెర్రెలో ఒక ఇనుప కమ్మి దించాడు. మూడడుగులు దిగిపోయింది, చప్పుడు కూడా లేదు. కమ్మి పైకి లాగి మట్టి తుడుస్తూ, "ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది అన్నా. నాలుగడుగులకు నేను కట్టను. కావాలంటే వేరే మేస్త్రీని చూసుకో" అన్నాడు. చేతికొచ్చిన పని వదులుకోవడానికి సిద్ధపడి చెప్పిన మాట అది. గరుసు తగిలేదాకా తవ్వితే ఏడడుగులు పోయింది. పిల్లర్లు, గోడలన్నిటి కిందా కాంక్రీటు దూలాలు (ప్లింత్ బీములు) వేశాడు. తవ్విన నల్లమట్టిని తిరిగి లోపల పోయనివ్వలేదు. గరుసు తెప్పించి, అర్ధ అడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాడు. డ్రాయింగ్ వేసిచ్చింది మా ఆఫీసులో పనిచేసే తమ్ముడి అన్న, సివిల్ ఇంజనీరు. ఆయనా పైసా తీసుకోలేదు.

లక్షన్నర ఎక్కువైంది. ఆ డబ్బు సర్దింది మా బావమరిది, అడగకముందే.

పక్కింటి అవ్వకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. పునాదికి ముగ్గు పోసిన రోజు కర్ర పట్టుకుని వచ్చి, "వంక పొంగితే నీళ్ళు ఆడికొస్తాయి నాయనా" అని తుమ్మచెట్టు మొదలు చూపించింది. ఆ చెట్టు మా హద్దుకు పది గజాల దూరం. అమ్మ వెంటనే నా వైపు చూసింది. ఆ చూపుతో బేస్‌మెంట్ ఇంకో రెండడుగులు లేచింది.

బోరు పడేదాకా నీళ్ళిచ్చిన ఎదురింటి అన్నకు, బేతంచెర్ల బండల లారీ బురదలో దిగబడితే రాత్రి పదకొండు వరకూ ఒక్కో బండా భుజాన మోసిన ఊరి కుర్రాళ్ళకు, పంచాయతీ కాగితాలకు నాతో తిరిగిన మిత్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని మీలో చాలామంది అన్నారు కాబట్టి ఆగాను.

ఈ ఏడు వంక రెండుసార్లు పొంగింది. నీళ్ళు అవ్వ చెప్పిన చెట్టు దగ్గరికే వచ్చి ఆగాయి. వానలు తగ్గాక ఒక సాయంత్రం మేస్త్రీ పిలవకుండానే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఫోన్ లైటు వేసుకుని, ఒక్కో గది మూలలో గోడను వేళ్ళతో తడుముతూ పోయాడు. కిటికీల కింద, తలుపు పైన, మెట్ల దగ్గర. వంటింట్లో ఒకచోట ఆగితే నా గుండె ఆగినంత పనైంది. అది మా పాప పెన్సిల్ గీత. లైటు ఆపి, "ఎక్కడా పగల్లేదన్నా, ఇప్పుడు రాసుకో" అన్నాడు.

రాశాను తమ్ముడూ.