జనానికి బుద్ధి లేదంటావా?

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చదివాక నీతో పోట్లాడాలనిపించింది. బెజవాడ కాలువలు ఇలా తయారవడానికి కారణం "జనానికి బుద్ధి లేకపోవడమే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎండాకాలం నీళ్లు కట్టేసినప్పుడు ఏలూరు కాలువ అడుగు చూడరా. షాంపూ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, బిస్కెట్ కవర్లు. విసిరింది మనవాళ్లే, కాదనను. కానీ వాటిని తయారుచేసి అమ్మినవాళ్ల ఊసు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

సీసాకి, అట్టపెట్టెకి పాత సామాన్ల కొట్లో ఎంతో కొంత ఇస్తారు. షాంపూ ప్యాకెట్‌ని ఎవరూ ముట్టుకోరు. రకరకాల ప్లాస్టిక్ పొరలు, చాలావాటిలో అల్యూమినియం పొర కూడా కలిపి అతికించేస్తారు. విడదీసే ఖర్చు దాని విలువకన్నా ఎక్కువ. ఈ సంగతి కంపెనీలకి బాగా తెలుసు. కానీ రెండ్రూపాయల ప్యాకెట్ అయితే రోజు కూలికి వెళ్లేవాళ్లు కూడా కొంటారు, అదీ కంపెనీల లెక్క. లాభం కంపెనీలది. కాలువలో దిగి ఎత్తే పని పారిశుద్ధ్య కార్మికులది, ఆ ఖర్చు మన పన్నులది.

నాకు ఒళ్లు మండే విషయం ఇంకోటుంది. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో, రీసైకిల్ కాని ఇలాంటి పొరల ప్లాస్టిక్‌ని రెండేళ్లలో ఆపేయాలని స్పష్టంగా రాశారు. గడువు ముగిసే వేళకి, 2018లో, ఆ వాక్యాన్నే మార్చేశారు. రీసైకిల్ కాకపోయినా కాల్చి శక్తి తీయగలిగితే చాలట, ఇంకెందుకైనా పనికొచ్చినా చాలట. సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో ఏ ప్లాస్టిక్ కాలదు చెప్పు! 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు నిషేధించారు. ఈ ప్యాకెట్ల జోలికి మాత్రం పోలేదు. అంటే దెబ్బ టిఫిన్ బండివాడికి తగిలింది, పెద్ద కంపెనీకి కాదు.

మన చిన్నప్పుడు పంచదార కాగితంలో పొట్లం కట్టి పురికొస చుట్టేవాళ్లు, నూనెకి సీసా పట్టుకెళ్లేవాళ్లం. ప్యాకెట్లొచ్చాక కల్తీ భయం కొంత తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ సబ్బుపొడికి, షాంపూకి కూడా ఇన్ని కవర్లు కావాలని మనమెవరం అడగలేదు. ఎంత చిన్న ప్యాకెట్ అయితే అంత ఎక్కువమందికి అమ్మొచ్చని వాళ్లే తెచ్చిపెట్టారు. ఏటికేడు అమ్మకం పెరగకపోతే కంపెనీ నిలవదు, కాబట్టి చెత్తా పెరగక తప్పదు.

గుంటూరులో మీ వీధి గానుగ కొట్లో డబ్బా తీసుకెళ్తే నూనె పోస్తారన్నావు కదా. షాంపూ కూడా అలా పోసి అమ్మేలా కంపెనీలనే చట్టంతో కట్టెయ్యాలంటాను నేను. కుదరదంటావా? ఎందుకు కుదరదో వివరంగా రాయి. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ మామ