నాన్నకు, అమెరికాలోని ఒమాహా నుంచి

నాన్నగారికి నమస్కారాలు.

మీ కంటి ఆపరేషన్ మళ్లీ వాయిదా పడిందని తమ్ముడు చెప్పాడు. షుగర్ తగ్గాకే చేస్తామన్నారంటే డాక్టర్లు జాగ్రత్తగా ఉన్నట్టే, దానికి మీరు టెన్షన్ పడి అమ్మను కూడా భయపెట్టకండి. నా వీసా పొడిగింపు కాగితాలు వెళ్లిపోయాయి. ఆఫీసు మామూలే. చలి తగ్గింది, వేళకు తింటున్నాను, అత్త పంపిన గోంగూర ఇంకా సగం సీసా ఉంది.

మొన్న ఫోన్‌లో "పాత కాగితాలకి డాలర్లు పోస్తున్నావట" అన్నారు. జవాబు చెప్పేలోపే అమ్మ ఫోన్ లాక్కుంది, అందుకే రాస్తున్నాను. నేను కొన్నది ఒక్కటే, చిన్నది, అడవి పక్కన దుంగలతో కట్టిన ఇల్లు ఉన్న బొమ్మ. అంచున నీటి మరక ఉందని తక్కువకే ఇచ్చారు. ఇంటి లోను డబ్బు ఎప్పటిలాగే ఒకటో తారీఖుకి పడుతుంది. డబ్బు విలువ తెలియకుండా ఖర్చు పెడుతున్నానని మాత్రం అనుకోకండి నాన్నా, ఆ మాట రెండు రోజులు మనసులోంచి పోలేదు.

అది రాతి అచ్చు. లితోగ్రాఫ్, లితో అంటారు. మీరు ముప్పై ఏళ్లు ఆఫ్‌సెట్ మెషీన్ దగ్గర నిలబడి చేసిన పనికి మొదలు అక్కడే ఉంది, జిడ్డున్న చోట నీళ్లు నిలవవు, నీళ్లున్న చోట ఇంకు అంటదు, అంతే కదా. మీరు అల్యూమినియం ప్లేటు మీద చేశారు, ఈ బొమ్మ వేసినవాళ్లు సున్నపురాయి మీద చేశారు. 1796 ప్రాంతంలో జర్మనీ వైపు బవేరియాలో సెనెఫెల్డర్ అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టాడు. జిడ్డు పెన్సిల్‌తో బొమ్మను కుడి ఎడమలు తారుమారుగా రాయి మీదే గీయాలి, తడపాలి, ఇంకు రోలర్ తిప్పాలి, కాగితం పెట్టి ఒత్తాలి. మీరిచ్చిన భూతద్దంతో చూస్తే మన ఆఫ్‌సెట్ అచ్చులో వరసగా ఉండే డాట్ ఒక్కటి కూడా లేదు, పెన్సిల్ రాయి గరుకుకి తగిలిన నలుసులే కనిపిస్తాయి. ఎవరో కూర్చుని చేత్తో గీశారని తెలిసిపోతుంది. మీరు పక్కన ఉంటే గంటసేపు చూసేవారు.

ఇక్కడ జోస్లిన్ అని మ్యూజియం ఉంది, టికెట్ లేదు, అందుకే శనివారాలు అక్కడికే పోతాను (ఒంటరిగా తిరుగుతున్నానని అమ్మతో అనకండి, పట్టపగలు, జనం మధ్య). కరియర్ అండ్ ఐవ్స్ అనే న్యూయార్క్ ప్రెస్సు వాళ్ల లితోలు దాదాపు 600 వీళ్లకి కానుకగా వచ్చాయి. వెలుతురికి రంగు వెలిసిపోతుందని ఇలాంటివన్నీ ఒకేసారి గోడకి పెట్టరు. 1834లో కరియర్ మొదలుపెట్టాడు, 1857లో ఐవ్స్ భాగస్వామి అయ్యాడు, 1907లో మూతపడింది. ఈలోపు 7000కు పైగా బొమ్మలు వేశారు. అచ్చు చాలావరకు నలుపులోనే, రంగులు మాత్రం చేత్తో. పొడుగాటి బల్ల చుట్టూ ఆడవాళ్లు, మన మేడ మీద అప్పడాలు వత్తడానికి కూర్చున్నట్టు కూర్చుని, ఒకరు ఒక రంగు వేసి పక్కావిడకి జరిపేవారట, ఎదురుగా నమూనా బొమ్మ ఒకటి పెట్టుకుని. చిన్న బొమ్మలు సెంట్లలో, పెద్దవి డాలరు నుంచి మూడు డాలర్లకు అమ్మారు. మామూలు ఇళ్ల గోడల కోసం చేసినవి, వాటిలో కొన్ని ఇప్పుడు వేల డాలర్లు.

వాటిలో నన్ను పట్టుకున్నది 1868 నాటి 'అక్రాస్ ది కాంటినెంట్'. దాదాపు 17 అంగుళాల ఎత్తు, 27 అంగుళాల వెడల్పు. ఎడమవైపు కొత్తగా వెలిసిన ఊరు, దుంగల ఇళ్లు, బడి, చెట్లు నరుకుతున్న మనుషులు. మధ్యలో పడమరకు పోతున్న రైలు, పట్టాలు కనుచూపు మేర నేరుగా. కుడివైపు గుర్రాల మీద ఇద్దరు రెడ్ ఇండియన్లు, రైలు పొగ వాళ్లను కమ్మేస్తూ ఉంటుంది. తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన పట్టాలు నిజంగా కలిసింది 1869 మే 10న, బొమ్మ ఒక ఏడాది ముందే వచ్చేసింది. తూర్పు నుంచి ఆ లైను మొదలైంది మా ఒమాహాలోనే.

దాన్ని గీసింది ఒక ఆడమనిషి నాన్నా. ఫానీ పామర్. ఇంగ్లండ్‌లో లీస్టర్‌లో భర్తతో కలిసి సొంత లితో ప్రెస్సు నడిపింది, 1844లో పిల్లలతో న్యూయార్క్ వచ్చి ఇక్కడా ప్రెస్సు పెట్టారు, నడవలేదు. మూతపడ్డ ప్రెస్సు అంటే ఏమిటో మనింట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. తర్వాత కరియర్ దగ్గర పనికి కుదిరి 200కు పైగా బొమ్మలు గీసి ఇల్లు నడిపింది. ఆ పడమటి దేశం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆ చెయ్యి చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ పొగ అటువైపే ఎందుకు పోయిందంటే మాత్రం కోపం వస్తుంది. గాలిదేం లేదు అందులో, ఎవరు కనపడాలో ఎవరు మరుగున పడాలో ముందే అనుకుని గీసిందే.

టేట్ అని ఇంకొకాయన, అదీ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడే, కరియర్ వాళ్లకి వేటగాళ్ల బొమ్మలు, మైదానాల్లో పోరాటాల బొమ్మలు ఇచ్చాడు, 1862లో 'అమెరికన్ ఫ్రాంటియర్ లైఫ్' అనే పేరుతోనే ఒకటుంది. ఆయనా ఆ మైదానాలు చూడలేదు, పుస్తకాల్లో చూసి వేశాడు. వాటిలో రెడ్ ఇండియన్ అంటే శత్రువే.

"వాళ్ల చరిత్రతో నీకేం పని" అని మీరు అంటారు. నేనుండే ఊరి పేరే ఆ మనుషుల తెగ పేరు కదా. 1854లో ఒప్పందం మీద వాళ్ల భూమి చాలావరకు పోయింది, ఆ ఏడాదే ఈ ఊరు వెలిసింది. మెకెన్నీ, హాల్ అనే ఇద్దరు 1836 నుంచి 1844 దాకా ఇలాంటి తెగల మనుషుల బొమ్మలతో మూడు సంపుటాలు వేశారు, 120 రంగు లితోలు, వాటిలో ఒమాహా తెగ నాయకుడు ఓంగ్‌పటొంగ బొమ్మ ఉంది, ఒక మనిషి ముఖం, పేరుతో సహా. ఆ పుస్తకానికి ఆధారమైన నూనె రంగుల బొమ్మలు చాలావరకు 1865లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అచ్చు వేసి ఉంచారు కాబట్టే ఆ ముఖాలు మిగిలాయి. "అచ్చు పనిలో ఏముంది, ఎవరికి గుర్తుంటుంది" అని మెషీన్ అమ్మేసిన రోజు మీరన్నారు. నేను ఒప్పుకోను.

కరియర్ వాళ్లు మూసేశాక రాళ్ల మీది బొమ్మలు చెరిపేసి తూకానికి అమ్మేశారట. మన ప్లేట్లు కూడా అలాగే పోయాయి కదా, బాబాయి ఆటోలో వేయించాడు.

అన్నట్టు, దేవుడి గదిలో నానమ్మ రవివర్మ లక్ష్మి పటం ఉందా? పెద్దత్త కొత్త ఫ్రేమ్ కట్టిస్తానందని విన్నాను, దయచేసి ఆపండి. రవివర్మ 1894లో పెట్టిన ప్రెస్సులోనూ రాతి అచ్చే, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. నానమ్మది అసలుదో, తర్వాత అచ్చయిన నకలో ముందు భూతద్దంతో చూడాలి, వరసగా డాట్లుంటే నకలు. తడిగుడ్డతో తుడవనివ్వకండి, లామినేషన్ అసలు వద్దు, దీపం పొగ తగలని చోటికి మార్చండి. ఎవరైనా కొంటామని వస్తే అమ్మను మాట్లాడనివ్వకండి, మెత్తబడిపోతుంది.

కన్ను బాగయ్యాక మీరిద్దరూ ఇక్కడికి రావాలి. అమ్మ పెళ్లి సంబంధాల మాట ఎత్తకుండా ఉంటానంటే మరీ మంచిది, ఎత్తినా పర్వాలేదు. మ్యూజియంలో ఆ అచ్చులు మీకు చూపించాలి, ఏ రంగు గీత దాటిందో, ఎక్కడ ఇంకు పలచబడిందో మీరు చెబుతుంటే వినాలి. ఇక్కడ నాకు ఎవరూ చెప్పరు అవి.

మీ పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడింది. ఈ వారమే స్లాట్ బుక్ చేయమని తమ్ముడికి చెప్పండి, వాడు మర్చిపోతాడు.

మీ
చిన్నమ్మాయి