బతికున్నవాళ్లను అడిగి రాయండి

సంపాదకులకు,

వంశవృక్షాన్ని ఆన్‌లైన్‌లో ఎలా తయారుచేసుకోవాలో వివరిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. పాత పేర్లు వెతకడం గురించి చక్కగా రాశారు. బతికున్నవాళ్ల గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఆ జాగ్రత్త తెలియక నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని ఈ ఉత్తరం.

నాలుగేళ్లు కష్టపడి మా కుటుంబంలో ఏడు తరాల పేర్లు పోగేశాను. పాత ఉత్తరాలు, దస్తావేజులు, పెద్దవాళ్లు చెప్పిన సంగతులు అన్నీ కలిపి ఒక వెబ్‌సైట్‌లో పెట్టి, లింకు బంధువులందరికీ పంపాను. అందరూ మెచ్చుకున్నారు. మూడో రోజు పెద్దమ్మ రమ్మని కబురు చేసింది. వెళ్తే, మనవడి ఫోన్ నా ముందు పెట్టి, తన పేరు పక్కనున్న గడి మీద వేలు ఉంచింది. పద్దెనిమిదో ఏట జరిగి, ఏడాది తిరక్కుండానే ముగిసిపోయిన మొదటి పెళ్లి అది. ఆయన పేరు, పెళ్లి తేదీ, విడాకుల సంవత్సరం పొల్లుపోకుండా ఎక్కించాను. "ఈయనెవరు అమ్మమ్మా అని వీడు అడిగాడు. యాభై ఆరేళ్లుగా నేను ఎత్తని మాట నువ్వెందుకు ఎత్తావే?" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రమే తీసేశాను. అప్పటికే మరో బంధువు చెట్టు మొత్తాన్ని తన ఖాతాలోకి కాపీ చేసుకున్నాడు. అక్కడ ఆ గడి ఇంకా కొన్ని వారాలు అలాగే ఉంది.

రాసిందంతా నిజమే కదా అన్నవాళ్లూ ఉన్నారు. నిజమే. కానీ ఆ సంగతి ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది పెద్దమ్మ. ఆవిడ ఉండగా నేనెవర్ని?

అమెరికా జనగణనలో రాసిన వ్యక్తుల వివరాలను 72 ఏళ్లపాటు బయటపెట్టరు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లోగానీ జనం చేతికి రాలేదు. బ్రిటన్‌లో అయితే 100 ఏళ్లు ఆగుతారు. ప్రభుత్వాలే అంత ఆగుతుంటే, మనం ఒక్క రాత్రిలో అందరి పుట్టిన తేదీలూ పెట్టేస్తున్నాం.

మోసగాళ్ల సంగతి సరేసరి. అమ్మ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు: మనం ఎవరమో తేల్చుకోవడానికి బ్యాంకులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులన్నీ చెట్టులోనే దొరుకుతాయి. మనవడినంటూ ఫోన్ చేసి డబ్బు అడిగేవాడికి ముద్దుపేరు కూడా మనమే అందిస్తున్నాం.

ఒకరి అజాగ్రత్త బంధువులందరికీ ఎలా చుట్టుకుంటుందో 2023లో చూశాం. డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థలో దాదాపు 14,000 ఖాతాల్లోకి హ్యాకర్లు చొరబడ్డారు. వేరేచోట వాడిన పాస్‌వర్డ్‌నే అక్కడా పెట్టుకున్నవాళ్ల ఖాతాలవి. బంధువులను కలిపే సదుపాయం ద్వారా సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి.

చాలా వంశవృక్ష వెబ్‌సైట్లు బతికున్నవారి వివరాలు పరాయివాళ్లకు కనబడకుండా దాస్తాయి. అయితే మనిషి ఉన్నాడో పోయాడో టిక్ పెట్టేది మనమే. అది తప్పుగా పడితే గడి తెరుచుకుంటుంది. దాన్నే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో తిప్పితే ఏ సెట్టింగూ ఆపలేదు. పిల్లల విషయంలో ఇంకా భయం, వాళ్లు వద్దని చెప్పలేరు కూడా. తల్లి వద్దన్నా మనవల ఫొటోలు పెట్టిన ఒక అమ్మమ్మను, వాటిని తీసేయమని నెదర్లాండ్స్ కోర్టు 2020లో ఆదేశించింది.

ఇప్పుడు మా చెట్టులో బతికున్న ప్రతి ఒక్కరికీ నేనే ఫోన్ చేసి అడుగుతున్నాను. సరే అన్నంతవరకే రాస్తున్నాను, వద్దన్నది ఖాళీగా వదిలేస్తున్నాను. మీరు మళ్లీ ఇలాంటి వ్యాసం వేసినప్పుడు, మొదటి పేరాలోనే ఈ మాట చేర్చమని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు