బయటికెళ్తే మళ్ళీ టికెట్టేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మా అమ్మను, పదేళ్ల మా అబ్బాయిని తీసుకుని ఆర్ట్ మ్యూజియంకి వెళ్లాను. సాయంత్రం దాకా బొమ్మలు చూడాలి, మధ్యలో ఎదురుగా ఉన్న కెఫేలో కాసేపు కూర్చుని రావాలి, అదీ మా ప్లాన్. కింది అంతస్తు సగం చూసేసరికే అమ్మకు కాళ్లు లాగాయి. కూర్చుందామంటే ఎక్కడా ఒక్క బెంచీ లేదు. గదికి కాపలా ఉన్న సెక్యూరిటీ ఆయనే తన కుర్చీ తెచ్చి వేసి, "కూర్చోండమ్మా, మా సారు వస్తే మాత్రం లేవాలి" అన్నారు. కెఫేకి వెళ్లి వస్తామంటే గేటు దగ్గర ఒప్పుకోలేదు. బయట అడుగు పెడితే టికెట్ చెల్లదట. ముగ్గురికీ మళ్ళీ కొనాలట.

ఇదీ ఒక సమస్యేనా అనుకునేవాళ్లు ఉంటారు. మ్యూజియంలో నడక కంటే నిలబడటమే ఎక్కువ. రెండడుగులు వేసి ఆగాలి, మెడ ఎత్తాలి, లేబుల్ కోసం వంగాలి. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే 'మ్యూజియం అలసట' గురించి వ్యాసం రాశారు. చూపు బాగున్న ఒక మనిషిని అద్దాల పెట్టెల్లోని వస్తువులు చూడమని, పాపం ఆయన ఎన్ని వంకర్లు తిరగాల్సి వచ్చిందో ఫొటోలు తీయించి మరీ చూపించారు. దీనికి తోడు వెలుతురు. కాగితం మీద వేసిన బొమ్మలు వెలుగుకి వెలిసిపోతాయి కాబట్టి వాటి మీద సుమారు 50 లక్స్‌ (వెలుతురును కొలిచే ప్రమాణం) కి మించి వెలుగు పడనివ్వరు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మసకలో చిన్న అక్షరాలు చదివితే కళ్లూ అలసిపోతాయి.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో కళాఖండం ముందు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కగట్టిన అధ్యయనం 2001లో వచ్చింది. సగటున 27 సెకన్లు. సగం మందయితే 17 సెకన్ల లోపే కదిలిపోయారు. జనానికి కళ మీద ఆసక్తి లేదనడానికి ఈ లెక్క చూపిస్తుంటారు. ముందు కూర్చోనివ్వండి, ఆ తర్వాత లెక్క తీయండి అంటాను నేను. మా అబ్బాయి నేల మీద చతికిలబడి ఒకే బొమ్మను పది నిమిషాలు చూశాడు. బల్ల కింద నీడలో నక్కిన పిల్లిని వాడే కనిపెట్టాడు. నేనూ అమ్మా అప్పటికే ఆ బొమ్మ దాటి వచ్చేశాం.

గ్యాలరీల్లోకి తిండి రానివ్వకపోవడం సరైన రూలే. ముక్క కింద పడితే పురుగులొస్తాయి, ఎలుకలొస్తాయి, అవి కాగితాన్నీ గుడ్డనీ వదలవు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1860ల్లోనే సందర్శకుల కోసం గ్యాలరీలకు వేరుగా భోజనశాలలు కట్టించారు. అన్ని మ్యూజియంలకీ అంత స్థలం ఉండదు, నిజమే. అయితే లోపల కెఫే లేనప్పుడు బయటి కెఫేకి వెళ్లి రానివ్వాలి కదా! అదీ లేదు, ఇదీ లేదంటే వచ్చినవాళ్లు ఆకలితో సగంలో వెళ్లిపోవడమే.

ఒకే టికెట్ మీద నలుగురు మారి మారి వస్తారన్నది మ్యూజియం వాళ్ల భయం. చేతి మీద తేదీ ముద్ర వేస్తే సరిపోతుంది. టికెట్ మీద ఎలాగూ క్యూఆర్ కోడ్ ఉంది, లోపలికి వచ్చేటప్పుడు స్కాన్ చేసినట్టే బయటికి వెళ్లేటప్పుడూ చేయొచ్చు. బ్యాగు తనిఖీ రెండోసారి కూడా చేసుకోమనండి, ఎవరూ కాదనరు. ఇక బెంచీలు. గదికొకటి చాలు, కానీ పెద్ద బొమ్మల ఎదురుగా వేయాలి. దారి పక్కన గోడకి ఆనించి వేసి మేమూ వేశాం అంటే కుదరదు.

చివరికి ఆ రోజు మేం కెఫేకి వెళ్లాం, తిరిగి లోపలికి వెళ్లలేదు. అమ్మ కిటికీలోంచి మ్యూజియం వైపు చూస్తూ "పైన ఏమున్నాయే?" అని అడిగింది. బ్రోషర్ తీసి చదివి వినిపించాను.

– ఒక పాఠకురాలు